వెనకమనిషి

హైదరాబాదు,
ఆగస్టు 18, 1999

అక్కా,

నేను క్షేమంగా చేరాను. బస్సులో మెడ వాల్చి నిద్రపోయినందుకు రెండు రోజులు పక్కకి తిరగలేకపోయాను. అంతకు మించి కష్టమేమీ లేదు.

భీమరాజు గారు మంచి మనిషి. మన రామచంద్రపురం వైపు వారే. ఆయన బృందంలో డప్పుల వాళ్లు, కోలాటం ఆడపిల్లలు, కర్రసాము వాళ్లు ఉన్నారు. గరగ మోసేది నేనొక్కడినే. అందరికీ నెల జీతం. అంటే నాకిప్పుడు ఆటే ఉద్యోగమన్నమాట. జాతర నెలలో అమ్మవారి గరగ తలకెత్తుకుని వీధులు తిరిగి, మిగతా ఏడాదంతా బావతో వల లాగే మనిషిని, రోజూ పొద్దున్నే లేచి గరగతోనే పని మొదలుపెడతానని ఎవరైనా చెబితే నువ్వు నమ్మేదానివా?

ఇక్కడి గరగ మన ఇంటి ఇత్తడి గరగ లాంటి కలశం కాదు. ఇనప చట్రం మీద అట్టలూ అద్దాలూ అంటించి, పైన ఐదు పడగలు నిలబెట్టి, లోపల బ్యాటరీ పెట్టారు. హాల్లో దీపాలు ఆపేస్తే పడగల్లో బల్బులు వెలుగుతాయి. జనం ఒకటే చప్పట్లు. ఇందులోకి అమ్మవారిని పిలవలేదు కాబట్టి మడీ దడీ ఏమీ లేదన్నారు. అయినా నేను చెప్పులు విప్పి, దణ్ణం పెట్టే ఎత్తుకుంటున్నాను. తల మీద పెట్టుకునే గుడ్డ చుట్టకుదురు స్టేజీకి అందంగా లేదని, దాని బదులు రేకు టోపీ ఒకటి చేయించారు. మొదట్లో గుచ్చుకునేది, ఇప్పుడు అలవాటైంది.

పొద్దున టిఫిను దాకా సాధన, మళ్లీ మధ్యాహ్నం సాధన, సాయంత్రం ప్రోగ్రాం ఉంటే ప్రోగ్రాం. అన్నం బాగానే పెడుతున్నారు. చేపల కూర మాత్రం అడగకు. అది చేప అని వాళ్లు చెబితేనే తెలుస్తుంది.

నా మేనకోడలు అశ్వినిని అడిగానని చెప్పు. బావకి నా నమస్కారాలు.

నీ తమ్ముడు
వీరబాబు


కొత్తపాలెం, యానాం పోస్టు,
సెప్టెంబరు 5, 1999

ఒరేయ్ వీరబాబూ,

ఉత్తరం అందింది. పక్కింటి ఏసమ్మకి కూడా చదివి వినిపించాను. పడగల్లో బల్బులంటే అది నోరు తెరుచుకుని ఉండిపోయింది. ఏసమ్మ చేత నోరు మూయించడం నా వల్లే కాలేదు, నీ బల్బుల వల్ల ఒక్క నిమిషమైనా అయింది. సంతోషం.

అంతా రాశావు. డప్పుల వాళ్లు ఉన్నారన్నావు, ఆడపిల్లలున్నారన్నావు, కర్రసాము వాళ్లున్నారన్నావు. నీ వెనకమనిషి ఎవరో రాయలేదు.

నీకు గుర్తు చెయ్యక్కర్లేదనుకుంటాను. ఇక్కడ నువ్వు గరగ ఎత్తిన ప్రతిసారీ నీ వెనక మీ బావ నడిచాడు. మోసేవాడు నోరు విప్పి దించమని అడగడు, అది మన ఇంటి పద్ధతి. వెనకమనిషి వాడి మోకాళ్లూ మెడా చూసుకుంటూ నడుస్తాడు. ఇక చాలనుకున్నప్పుడు అడక్కుండా వచ్చి చేతులు చాపి అందుకుంటాడు. రాములవారి గుడి మలుపులో మీ బావ అందుకున్నాడని నువ్వెంత గింజుకున్నావో ఊరంతా చూసింది. ఇంకా రెండు వీధులు ఆడగలను, నా పరువు తీశావు అని అరిచావు. ఇంటికొచ్చి అన్నం పళ్లెం ముందే నిద్రపోయావు. మోసేవాడికి తన ఒళ్లు తెలియదురా, తాళంలో ఉంటాడు. వెనకున్నవాడికే తెలుస్తుంది.

అందుకే అడుగుతున్నాను. అక్కడ నీ వెనక నడిచేదెవరు? పేరు రాయి. ఎలాంటివాడో కూడా రాయి.

బస్సులో పట్టేసిన మెడకి ఆవనూనె కాచి రాయించుకో. మీ బావ బోటు ఇంజను మళ్లీ మొరాయించింది. నా గంపలో కానాగంత చేపలు తప్ప ఏమీ ఉండటం లేదు. యానాంలో బ్రాందీ షాపుల దగ్గరికి వచ్చేవాళ్లు వాటిని కూడా బేరమాడుతున్నారు.

అక్క
పెద్దింట్లమ్మ


హైదరాబాదు,
అక్టోబరు 2, 1999

అక్కా,

ఆలస్యంగా రాస్తున్నందుకు తిట్టుకోకు. వినాయక చవితి నుంచి ఊపిరాడటం లేదు. హోటళ్లలో, స్కూళ్లలో, ఎవరో పెద్దమనిషి కూతురి పెళ్లిలో, రోజూ ఎక్కడో ఒకచోట ఆడుతున్నాం. కొన్ని రోజులు రెండు చోట్ల.

వెనకమనిషి సంగతి భీమరాజు గారితో అన్నాను. ఆయన నవ్వి, "స్టేజీ మీద పనీపాటా లేని మనిషొకడు నీ వెనక తిరుగుతుంటే చూసేవాళ్లు ఏమనుకుంటారయ్యా? అయినా నీ ఐటం ఎంతసేపని? పావుగంట కూడా ఉండదు. మీ ఊళ్లో రాత్రంతా ఆడేవాడివి కదా," అన్నారు. అదీ నిజమే కదక్కా. జాతరలో తిరిగినదానిలో ఇది ఎన్నో వంతు? పావుగంట కళ్లు మూసి తెరిచేలోపు అయిపోతుంది. సాధనలోనే కాస్త ఎక్కువసేపు ఉంటుంది. అక్కడ కింద గచ్చు, మన ఇసక వీధి కాదు కాబట్టి మడమలు దిమ్మెక్కుతాయి. అలవాటవుతుంది.

నిన్న ఒక తమాషా జరిగింది. టీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నాను, చెయ్యి ఖాళీగా ఉందేమిటా అని చూస్తే గ్లాసు కింద పగిలి ఉంది. జారినట్టే తెలియలేదు. కోలాటం పిల్లలు పొద్దున్నుంచి నన్ను ఏడిపిస్తూనే ఉన్నారు.

మార్చిలో ఢిల్లీ తీసుకెళ్తారట. అక్కడ బాగా ఆడితే బయటి దేశాలకి కూడా పిలుస్తారట. మన పాలెంలో ఎవరైనా ఢిల్లీ చూశారా? నేనే మొదటివాడినవుతాను.

వీరబాబు


కొత్తపాలెం,
అక్టోబరు 20, 1999

వీరబాబూ,

గ్లాసు పగలడం తమాషా అని రాశావు. నాకు నవ్వు రాలేదు.

నాన్న చివరి రోజుల్లో ఎలా ఉండేవాడో నీకు గుర్తుందో లేదో, నువ్వు చిన్నవాడివి. ఎవరైనా పిలిస్తే ఆయన తల తిప్పేవాడు కాదు, మనిషంతా తిరిగేవాడు. పిల్లలు వెనక నడుస్తూ అలా నడిచి చూపించేవారు. నేనూ నవ్వేదాన్ని. బీడీ ముట్టించుకోవడానికి అగ్గిపుల్ల వేళ్లకి అందక అమ్మని పిలిచేవాడు. అమ్మవారు మెడ మీద కూర్చుంది, అది ఆవిడ దయ అని అందరూ అన్నారు. ఆయన కూడా అదే అనేవాడు. ఆయన మోసింది ఏడాదిలో నెల రోజులే. వెనక మంచి మనిషి నడవగా మోశాడు. మిగతా నెలలు మెడకి సెలవు. నువ్వు రోజూ మోస్తున్నావు. సెలవు లేదు, కుదురు లేదు, వెనక మనిషి లేడు.

నేనూ తలకెత్తుకునేదాన్నే కదరా. పొద్దున్నే రేవులో గంప ఎత్తాలంటే ఏసమ్మ పట్టాలి, బజారులో దించాలంటే ఎవరో ఒకరు పట్టాలి. ఏసమ్మతో ఎంత తగువైనా ఆ రెండు పూటలా మాట్లాడుకుంటాం. ఒంటరిగా దించబోయిన రోజున నడుం పట్టేసి వారం పడుకున్నాను. పావుగంటేనా, రాత్రంతానా అన్నది కాదు లెక్క. రేపు మళ్లీ ఎత్తుకోవాలా వద్దా అన్నదే లెక్క.

నువ్వు చెప్పవని తెలుసు. మోసేవాడివి, చెప్పకూడదని పెరిగావు. అక్కడి వాళ్లకి ఆ సంగతి తెలియదు. నొప్పి ఉంటే నువ్వే చెబుతావని వాళ్లు అనుకుంటున్నారు. ఎవరైనా చూసి అందుకుంటారులే అని నువ్వు అనుకుంటున్నావు. ఇక దించేదెవరు?

బోటు ఇంజను బాగు కావడానికి ఇంకా రోజులు పడుతుంది. మీ బావని పంపిస్తున్నాను. వచ్చేవారం బయల్దేరతాడు. భీమరాజు గారికి చెప్పి స్టేజీ మీద కాకపోయినా పక్కనైనా నిలబడనివ్వు. తన కన్ను చాలు.

అక్క


హైదరాబాదు,
నవంబరు 15, 1999

అక్కా,

ముందుగా నువ్వు కోప్పడకూడదు.

బావ వచ్చాడు. ఎండుచేపల మూట కూడా వచ్చింది. దాని వాసనకి పక్క గది వాళ్లు ఓనరుకి ఫిర్యాదు చేశారు, తర్వాత వాళ్లే వచ్చి తిన్నారు. మూడు రోజులు బావ సాధన దగ్గర గోడకి ఆనుకుని కూర్చున్నాడు. నా మోకాళ్లు తప్ప ఇంకేమీ చూడలేదు. మూడో రోజున అడక్కుండా లేచి వచ్చి నా తల మీది గరగ అందుకున్నాడు. ఎంత హాయిగా ఉందో నీకు చెప్పలేను. ఏడుపొచ్చింది.

అయితే అందుకున్నవాడు ఊరుకోలేదు. డప్పులు మోగుతూనే ఉన్నాయి కదా, మన పద్ధతిలో దాన్ని తన తలకెత్తుకుని అడుగు కలిపాడు. సరిగ్గా అప్పుడే భీమరాజు గారు లోపలికి వచ్చారు. బావ నడక నీకు తెలుసు. ఆయన అక్కడే నిలబడి చివరి దాకా చూశారు. "ఇలాంటి మనిషిని సముద్రంలో పెట్టుకున్నారేంటండీ," అన్నారు. మర్నాటికే ఇంకో గరగ చేయించారు. ఇప్పుడు మాది జంట గరగల ఐటం. అన్ని చోట్లా మమ్మల్నే అడుగుతున్నారు.

బావ దీపావళి తర్వాత వచ్చేద్దామనే అనుకున్నాడు. సంక్రాంతి దాకా ఉండి వెళ్తానని నీతో చెప్పమన్నాడు. తనే రాస్తానంటే నేనే వద్దన్నాను. నువ్వంటే భయంతో చేతులు వణుకుతున్నాయి. తన చేతుల సంగతే చెబుతున్నాను, నావి బాగానే ఉన్నాయి.

వీరబాబు


కొత్తపాలెం,
నవంబరు 28, 1999

వీరబాబుకీ, వాళ్ల బావకీ కలిపి రాసేది,

దించమని పంపిస్తే ఎత్తుకున్నాడా?

నాకు తిట్టే ఓపిక కూడా లేదు. ఇంజను బాగైందని కబురొచ్చింది. బోటు రేవులో ఊగుతోంది, ఎక్కే మనిషి లేడు. పక్కవాళ్ల బోటులో వచ్చిన సరుకు కొనుక్కుని అమ్ముకుంటున్నాను. అశ్విని రోజూ నాన్న ఎప్పుడొస్తాడని అడుగుతుంది. నాన్న తల మీద బల్బులు వెలుగుతున్నాయమ్మా, ఆరాక వస్తాడు అని చెప్పాను.

మిమ్మల్ని చూసి ఎవరో మురిసిపోతున్నారంటే నాకూ సంతోషమే. నేను రాయిని కాదు. సత్తియ్య నడక చూసే కదా నేను పెళ్లికి ఒప్పుకుంది. కానీ ఒక్క మాటకి జవాబు రాయండి. ఇద్దరూ మోస్తుంటే ఇద్దరినీ చూసేదెవరు?

పెద్దింట్లమ్మ


హైదరాబాదు,
ఫిబ్రవరి 9, 2000

అక్కా,

ఈ ఉత్తరం బావ చేతికే ఇచ్చి పంపిస్తున్నాను. తను వచ్చేస్తున్నాడు. సంక్రాంతికి రానందుకు ఏమీ అనకు, ఆ వారమంతా ప్రోగ్రాములే. నువ్వడిగినదానికి జవాబు రాయకుండా ఇన్నాళ్లు ఉన్నాను.

పోయిన ఆదివారం పెద్ద హాల్లో ఆట. నా భాగం అయిపోయి, గరగ దించి తెర పక్కన నిలబడ్డాను. బావ స్టేజీ మధ్యలో ఒక్కడే తిరుగుతున్నాడు. తిరిగేటప్పుడు కుడి మోకాలు ఒకసారి లోపలికి వంగింది. జనానికి కనపడదు. మళ్లీ వంగింది. మెడ నరం బయటికి వచ్చింది. అప్పుడు నాకు ఆ హాలూ తెలియలేదు, భీమరాజు గారూ గుర్తు రాలేదు. వెళ్లి ఎదురుగా నిలబడి చేతులు చాపాను. బావ నన్ను చూశాడు. ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా తల వంచి వదిలేశాడు. ఎప్పుడైనా ఆలోచించామా అక్కా, చేతులు చాపితే వదిలెయ్యడమే కదా.

నా ఎడమ చెయ్యి మూసుకోలేదు.

గరగ నా చేతుల్లోంచి జారి స్టేజీ మీద పడింది. పడగలు విరిగి, బల్బులు పగిలి, బ్యాటరీ దొర్లుకుంటూ డప్పుల వాళ్ల కాళ్ల దగ్గరికి వెళ్లింది. అదీ ఆటలో భాగమనుకుని జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకిప్పటికీ వినబడుతున్నాయి. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

లోపలికి వచ్చాక బావ నన్ను కూర్చోబెట్టాడు. నా ఎడమ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని వేళ్లు ఒక్కొక్కటే వంచి చూశాడు. బొటనవేలూ దాని పక్కదీ నా మాట వినడం లేదని నాకు చవితి నాటికే తెలుసు. చొక్కా గుండీలు కుడిచేత్తోనే పెట్టుకుంటున్నాను. మెడలోంచి మోచేతి దాకా కరెంటు పాకినట్టు ఉంటుంది. నీకు రాయలేదు. బావ వచ్చాక కూడా చెప్పలేదు.

మర్నాడు డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఫోటోలు తీశారు. మెడ ఎముకల మధ్య ఉండే మెత్తటిది నలిగి, చేతికి వెళ్లే నరాన్ని నొక్కుతోందన్నారు. ఏడాదికి ఒకసారి చేసే పనైతే ఒళ్లు తర్వాత సర్దుకుంటుంది, ఒక్కసారిగా రోజువారీ పని చేస్తే సర్దుకునే వ్యవధి దొరకదన్నారు. ఉద్యోగంగా ఆటలోకి దిగేవాళ్లు ఇలాగే మొదటి ఏడాదిలోనే తన దగ్గరికి వస్తుంటారట. "మొదట మెడ పట్టేసినప్పుడే ఎందుకు చెప్పలేదయ్యా?" అన్నారు. "మా దగ్గర మోసేవాడు చెప్పడండీ," అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. బావ తల దించుకున్నాడు. మళ్లీ తల మీద బరువు పెట్టకపోతే చెయ్యి చాలావరకు తిరిగి వస్తుందట. పెడితే రాదట.

భీమరాజు గారు కోప్పడలేదు. ఆస్పత్రికి తనే వచ్చారు. నెల రోజులు పడుకో, ఢిల్లీ నాటికి లేస్తావు, అక్కడ తేలిక గరగ చేయిద్దాం అన్నారు. మంచిగానే అన్నారు. నేను సరేనన్నాను. డాక్టరు గారు అన్నది ఆయనకి ఇంకా చెప్పలేదు.

బావ నన్ను వెంట తీసుకెళ్తానన్నాడు. నేను రానన్నాను. ఈ చెయ్యి వేసుకుని బస్సు దిగితే పాలెంలో ఏమనుకుంటారు?

ఇంకొక్క మాట. చైత్రంలో జాతరకి గరగ వంతు మన ఇంటిదే. నేను ఎత్తకపోతే ఇంకెవరూ లేరు, బావని మోకాలు ఎత్తనివ్వదు. వంతు తప్పితే వేరే ఇంటికి పోతుంది, ఇక తిరిగి రాదు. తాత మోశాడు, నాన్న మోశాడు. నా చేతుల్లో పోకూడదు. అందుకని జాతరకి వచ్చి ఆ ఒక్కసారి మోస్తాను. అది అమ్మవారి గరగ, దాంతో ఏమీ కాదు. వెనక బావ ఉంటాడు. ఆ తర్వాత ఆపేస్తాను. దీనికి నువ్వు అడ్డం చెప్పకు.

వీరబాబు


కొత్తపాలెం,
ఫిబ్రవరి 21, 2000

తమ్ముడూ,

మీ బావ వచ్చాడు. మోకాలు వాచి ఉంది, కాపడం పెడుతున్నాను. నీ ఉత్తరం ఇచ్చి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. చదివాక నేను బజారుకి వెళ్లలేదు. గంప అలాగే వాకిట్లో ఉండిపోయింది. ఏసమ్మ వచ్చి పిలిచినా లేవలేదు.

మర్నాడు స్నానం చేసి బుల్లియ్య పెదనాన్న దగ్గరికి వెళ్లాను. కులపెద్ద కదా, జాతర వంతుల మాట ఆయనతోనే అనాలి. ఆయన వలకి ముడులు వేసుకుంటున్నాడు, ఇంకో నలుగురు మగాళ్లు ఉన్నారు. మా ఇంటి గరగ వంతు వదులుకుంటున్నాం, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను.

పెదనాన్న వల పక్కన పెట్టాడు. "ఎవరు పంపేరే నిన్ను? సత్తియ్యా, వీరబాబా?" అన్నాడు.

"ఎవరూ పంపలేదు పెదనాన్నా. నేనే వచ్చాను," అన్నాను.

"ఆడదానివి, వంతు వదలడం నీ నోటి మీద అయ్యే పనేనా? మీ నాన్న బతికుంటే ఏమనేవాడు?"

"నాన్న ఏమీ అనేవాడు కాదు. నొప్పని కూడా అనలేదు. మీరంతా చూశారుగా," అన్నాను.

పెదనాన్న మళ్లీ వల అందుకున్నాడు. నన్ను వెళ్లమనీ అనలేదు, ఉండమనీ అనలేదు. నేను అక్కడే అరుగు మీద కూర్చున్నాను. ఎండ మొహం మీదికి వచ్చింది, పక్కకి జరిగి మళ్లీ కూర్చున్నాను. చివరికి పెదనాన్నే గంగయ్యని పిలిపించాడు. వాళ్ల ఇంట్లో ఎదిగిన కొడుకులు ఇద్దరున్నారు. ఒకడు మోస్తే ఒకడు వెనక నడుస్తాడు. గంగయ్య సంతోషం దాచుకోలేకపోయాడు. నా మొహం చూసి దాచుకోబోయాడు పాపం.

సాయంత్రం డప్పుతో వచ్చి మన ఇత్తడి గరగ పట్టుకెళ్లారు. దూలం మీంచి తీసి, చింతపండు పెట్టి తోమి, పసుపు రాసి, నేనే వాకిట్లో పెట్టాను. ఏడ్చాను. ఏడవలేదని నీతో అబద్ధం చెప్పను. నాన్న పోయిన రోజు కంటే ఎక్కువ ఏడ్చానేమో. మీ బావ లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గానీ వద్దనలేదు.

నువ్వు అడ్డం చెప్పవద్దన్నావు. అడ్డం చెబితే వాదిస్తావు. ఆ ఒక్కసారే అంటావు. అమ్మవారి పేరు చెబుతావు, నాన్న పేరు చెబుతావు, నేను ఓడిపోతాను. అందుకే నిన్ను అడగలేదు. కోపం వస్తే వచ్చి తిట్టు. మన పేరు పోయిందని పాలెమంతా అంటారు, అననీ. చేపల గంపతో రోజూ వాళ్ల వాకిళ్ల ముందు నుంచి నడిచేది నేనే, ఆ మాటలు పడేదీ నేనే. నాకు పేరు వద్దురా. రెండు చేతులతో వల లాగే తమ్ముడు కావాలి.

ఢిల్లీ సంగతి మాత్రం నా వల్ల కాదు. భీమరాజు గారు నాకు తెలియరు, ఆయన నా మాట ఎందుకు వింటారు? మీ బావని మళ్లీ పంపను. పంపితే ఏమవుతుందో చూశాం కదా. డాక్టరు గారు ఏమన్నారో ఆయనకి నువ్వే చెప్పాలి. ఉన్నదున్నట్టు, నీ నోటితో. మన పద్ధతి కాదని నాకూ తెలుసు. అక్కడ నీ వెనక ఎవరూ లేరు తమ్ముడూ. నువ్వే దించుకుని రావాలి.

అక్క